కిటికీ వైపు సగం

అక్క ఆ నెల మొదట టీ మానేసింది. తర్వాత బస్సు మానేసింది. ఆ తర్వాత పాలు.

"టీ మానేశాక పాలతో పనేముంది? అది కొత్తగా మానేసినట్టు కాదు" అన్నాను.

"రెండుసార్లు మానేశాననుకుంటే అదో తృప్తి, పంతులమ్మా. నీకెందుకు బాధ?" అంది.

ఎప్పుడూ పుస్తకం ముందేసుకుని కూర్చుంటానని నాకు తను పెట్టిన పేరు అది. తను నాకు సొంత అక్క కాదు. ఇద్దరం ఒకే గదిలో అద్దెకు ఉంటున్నాం. నాకంటే కాస్త పెద్దది కాబట్టి మొదటిరోజే అక్కా అన్నాను, తను పలికింది, అలా ఉండిపోయింది.

అక్కది రఫూ పని. బట్ట చిరిగిన చోట, కాలిన చోట, పురుగు కొట్టిన చోట మాసిక వేయకుండా, పోయిన నేతనే సూదితో మళ్లీ నేయడం. ముందు పడుగు పోగుల్ని నిలువుగా పరుస్తుంది. తర్వాత పేకని ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా అడ్డంగా నడిపిస్తుంది. పని పూర్తయ్యాక ఆ బట్టని నా ఒళ్లో పడేసి "ఎక్కడుందో చెప్పు చూద్దాం" అనేది. నేను వేలితో తడిమి, దీపానికి ఎత్తిపట్టి, ఎక్కడో ఒకచోట చూపించేదాన్ని. "తప్పు. అది మిల్లువాడి పొరపాటు. నాది కాదు" అని నవ్వేది. నేను ఒక్కసారీ గెలవలేదు.

ఈ పని ఆమె మేనత్త దగ్గర నేర్చుకుంది. మేనత్త రెండు విషయాల్లో మాత్రం చెవి మెలిపెట్టేదట. దారం బయటినుంచి తేకూడదు, అదే బట్ట అంచు మడతలోంచి పోగులు లాగి వాడాలి. రంగు పోల్చడం పగటి వెలుగులోనే జరగాలి.

మా గదికి కిటికీ అని ఒకటి ఉంది. తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే గోడ అందుతుంది గానీ గదిలోకి వెలుతురు రాదు. అక్క పగలంతా లాండ్రీలో బొత్తాలూ జిప్పులూ కుట్టి, సాయంత్రాలు ఈ గదిలో ట్యూబులైటు కింద రఫూ పని చేసేది. కిటికీ ఉన్న చోట కూర్చుని తన పని తను చేసుకోవాలన్నది ఎప్పటినుంచో ఆమె కోరిక. ఆ కోరిక గురించి మాట్లాడేది కాదు. కానీ దారిలో ఏ ఇంటికి పెద్ద కిటికీ కనిపించినా నడక నెమ్మదించేది.

బజారు వీధిలో వాచీలు బాగుచేసే పెద్దాయన పని మానుకుంటున్నాడని, తన కొట్టుని అద్దెకిస్తాడని తెలిసింది. కొట్టంటే నాలుగు మంచాలు కూడా పట్టవు. వీధివైపు షట్టరు, లోపల పక్కసందు వైపు నిలువెత్తు కిటికీ. వాచీల పనికీ వెలుతురే కదా ముఖ్యం. అక్క ఆ కిటికీ ముందు నిలబడి అరచేతులు వెలుగులో పెట్టి తిప్పి చూసుకుంది. దాచుకున్నదంతా ఊడ్చి ఆరోజే బయానా ఇచ్చేసింది. మిగతాది నెలాఖరు శనివారం ఆయన షట్టరు దించేలోగా కట్టాలి. కట్టకపోతే కొట్టు పోతుంది, బయానా తిరిగి రాదు.

"నేను మంచివాణ్ణేనమ్మా. మరీ అంత మంచివాణ్ణి మాత్రం కాదు" అని పెద్దాయన ముందే చెప్పాడు.

మిగతా డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అక్కకి తెలుసు. లాండ్రీ యజమానిని బాబాయి అనేవాళ్లం; ఆయన దగ్గరికి ఓ పెద్ద హోటలు నుంచి వడ్డించేవాళ్ల ఉన్ని కోట్లు వచ్చాయి. ఎవరో పెట్టెలో పెట్టి మరిచిపోతే పురుగు జల్లెడ చేసేసింది. తొమ్మిది కోట్లు, అన్నీ ముదురు నీలం, చూపుకి దాదాపు నలుపే. శనివారం మధ్యాహ్నానికి ఇస్తే చేతికి డబ్బు. అది కొట్టుకి సరిపోతుంది. అది వచ్చేదాకా మాత్రం చేతిలో చిల్లిగవ్వ లేదు.

"ఇంట్లో అడగకూడదూ?" అన్నాను.

"అడిగితే నాన్న పంపిస్తాడు. పంపించి, ఇక చాల్లే వచ్చెయ్ అంటాడు. ఆ రెండోమాట నాకొద్దు."

అలా నోరు కట్టుకోవడం మొదలైంది. ఖర్చుల గురించి కూడా అక్క కుట్టుపని భాషలోనే మాట్లాడేది. "ఇక్కడ ఇంకా లూజుంది, పట్టెయ్యొచ్చు" అనేది. టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తెరతో నిలువునా చీల్చి లోపల గీకింది. సబ్బుని దారంతో రెండుగా కోసింది. ఫోనుకి డబ్బు కట్టడం మానేసింది. ఎవరైనా చేస్తే మాట్లాడేది, తను చేయాలంటే కుదరదు. రాత్రి అన్నం మానేసి రెండు బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టింది. నా కంచంలోది సగం తన వైపు తోస్తే, "నీ జాలి కూడా లూజుగానే ఉంది, పట్టించుకో" అని వెనక్కి తోసింది.

ట్యూబులైటు మాడిపోయింది అప్పుడే. కొత్తది కొనే మాటే లేదు. అక్క వెళ్లి మెట్ల దగ్గరున్న చిన్న బల్బు తెచ్చి పెట్టింది. గదంతా పచ్చగా, జ్వరం వచ్చిన మొహంలా అయింది.

మర్నాడు ఇంటావిడ తలుపు తట్టింది. "ఏమ్మా, మెట్ల దగ్గర బల్బేదీ?"

"మాడిపోయిందండీ" అంది అక్క తడుముకోకుండా.

ఇంటావిడ అక్క భుజం మీదుగా లోపలికి తొంగిచూసింది. "మాడిపోయిన బల్బు మీ గదిలో భలే వెలుగుతోందే!"

అక్క మొహం ఎర్రబడింది. "నెలాఖరుకి తిరిగి పెట్టేస్తానండీ. ఈలోగా మెట్లు నేనే కడుగుతాను."

"మెట్లు కడగొద్దులే గానీ, నేను చీకట్లో జారిపడితే ఆస్పత్రికి నువ్వే మోసుకెళ్లాలి" అని ఇంటావిడ వెళ్లిపోయింది.

నవ్వుకున్నాం గానీ, గదిలో నవ్వులు తగ్గుతూ వచ్చాయి. బస్సు మానేసి నడవడంతో అక్క లాండ్రీకి ఆలస్యంగా చేరేది. ఆ ఆలస్యాన్ని మధ్యాహ్నం విరామంలో పనిచేసి పూడ్చేది. ఇదివరకు ఆ విరామంలోనే లాండ్రీ గుమ్మం దగ్గర, ఎండలో, మడతల్లోంచి పోగులు లాగి సిద్ధం చేసుకునేది. ఇప్పుడు ఆ వీలు లేదు. ఇంటికి వచ్చేసరికి పొద్దుపోయేది, కాళ్లు పీకేవి. మడతలోంచి ఒక్కొక్క పోగూ లాగుతూ కూర్చుంటే తొమ్మిది కోట్లు శనివారానికి తెమలవు.

ఒక సాయంత్రం తన రేకుపెట్టెలోంచి మేనత్త ఇచ్చిన పాత ఉన్నిదారం రీలు తీసింది. నల్లది. కోటు మీద ఒక పోగు పరిచి బల్బు కింద పెట్టింది. తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎక్కడుందో చెప్పు" అంది నాతో.

పోగు ఎక్కడుందో నాకు కనపడలేదు. అంత బాగా కలిసిపోయింది.

"అత్త చూస్తే చంపేస్తుంది" అంటూనే సూదిలో ఎక్కించింది.

ఆ తర్వాత పని పరుగెత్తింది. పూర్తయిన ప్రతి కోటునీ మడతపెట్టి ఓ పాత దుప్పటిలో చుట్టేది. శుక్రవారానికి తొమ్మిదీ అయిపోయాయి. ఆ పొద్దున్నే వాటిని లాండ్రీకి తీసుకెళ్లి ఇస్త్రీ చేయిస్తే శనివారం డబ్బు చేతికొస్తుంది. మూట బరువుగా ఉందని నేనూ బయల్దేరాను. చెరో కొసా పట్టుకుని నడిచాం. చాలా రోజుల తర్వాత అక్క హుషారుగా ఉంది. కొట్టుకి పేరేం పెట్టాలని అడిగింది. నేనేదో పుస్తకాల్లో పేరు చెబితే, "అది చదవడానికి మనుషులు నిఘంటువు పట్టుకుని రావాలి" అంది.

సగం దూరంలో, బజారు మొదట్లో, ఆయాసం తీర్చుకుందామని ఓ అరుగు మీద కూర్చున్నాం. ఎండ నేరుగా మా మీద పడుతోంది. ఒకసారి చూసుకుందామని అక్క మూట ముడి విప్పి పై కోటు తీసింది.

నీలం కోటు మీద నల్లటి చీమలు పాకుతున్నట్టు కనిపించింది. దులపబోయాను. అవి చీమలు కావు. అక్క చేసిన రఫూ.

అక్క రెండో కోటు తీసింది. మూడోది తీసింది. ప్రతి దాని మీదా అవే మచ్చలు. పచ్చ దీపం కింద ఒక్కటిగా కనిపించిన నలుపూ నీలమూ ఎండలో దేనికదిగా విడిపోయాయి. అక్క కోటు ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద పోయే బస్సు వైపు చూస్తూ ఉండిపోయింది.

"పోగులన్నీ లాగేసి మళ్లీ చెయ్యాలి. మడతల్లోంచి తీసి" అంది చివరికి.

"రేపటికి అవుతుందా?"

"గదిలో కాదు. వెలుతురు కావాలి."

లేచి మూట భుజానికెత్తుకుంది. లాండ్రీ వైపు కాకుండా వాచీల కొట్టు వైపు నడిచింది. నేను వెనకాలే పరుగెత్తుతూ, ఈరోజు అక్క రాదని నా ఫోనులోంచి బాబాయికి చెప్పాను. ఆయన ఎందుకని అడిగేలోగా పెట్టేశాను.

పెద్దాయన కంటికి బుడ్డిలా ఉన్న భూతద్దం పెట్టుకుని ఓ వాచీ లోపలికి చూస్తున్నాడు. అక్క చెప్పింది విని అద్దం తీశాడు.

"డబ్బు కట్టకముందే కాపురం పెడతానంటావు?"

"రెండు రోజులు. కిటికీ దగ్గర. కుర్చీ కూడా వద్దు, కింద కూర్చుంటాను."

"కింద కూర్చుంటే నా కాలు తగుల్తుంది. ఆ స్టూలు లాక్కో. కానీ ఒకటమ్మా. శనివారం అంటే శనివారమే. ఇంకొకతను కూడా అడుగుతున్నాడు, రొక్కం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు."

ఆ ఇంకొకతను మధ్యాహ్నం రానే వచ్చాడు. ఫోను కవర్లు అమ్ముకునే మనిషి. ఇన్నాళ్లూ రోడ్డు పక్కన గొడుగు కింద పెట్టుకునేవాడట. కొలతల టేపు తెచ్చి మా తలల మీదుగా గోడలు కొలిచాడు.

"శనివారం మేడమ్ కట్టకపోతే నాదే కదా, తాతగారూ?"

"షట్టరు దించేదాకా ఆమెది."

"సరే, సరే. కొలుచుకుంటే తప్పులేదుగా." కిటికీ దగ్గరికి వచ్చి మొహం చిట్లించాడు. "దీనికి చెక్క కొట్టించెయ్యాలి. ఎండ తగిలితే తెల్ల కవర్లన్నీ పచ్చబడిపోతాయి. నాక్కావలసింది గోడ. గోడ ఉంటే మేకు, మేకుంటే కవరు."

అక్క తలెత్తలేదు. కానీ సూది ఓ క్షణం ఆగింది. కిటికీకి చెక్క కొట్టడమన్న మాట ఆమెకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు.

నల్లపోగుల్ని తెంపకుండా లాగాలి. తెంపితే పక్కనున్న మంచి నేత కూడా ఊడి వస్తుంది, కంత పెద్దదవుతుంది. నాకు చేతనైంది ఒక్కటే: కోటు అంచు మడత విప్పి నీలం పోగులు లాగి, పొడవైనవి ఒక పక్క, పొట్టివి ఒక పక్క పెట్టడం. అక్క పొద్దుటినుంచి ఏమీ తినలేదు. చేతివేళ్లు వణకడం మొదలైంది. పోగు సూదిలోకి వెళ్లడం లేదు. రెండుసార్లు తప్పింది, మూడోసారి పోగు పక్కకి విసిరికొట్టింది.

పెద్దాయన ఎదుటి బండి నుంచి మూడు టీలు తెప్పించాడు.

"టీ మానేశానండీ" అంది అక్క.

"నువ్వు మానేసింది డబ్బులిచ్చే టీ. ఇది ఊరికే వచ్చిన టీ. తాగు. చెయ్యి వణికితే నా పనే సాగదు, నీ పనేం సాగుతుంది?"

అక్క గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగేసింది. నాలుక కాలి ఉంటుంది. ఆగలేదు.

వెలుతురు పోయేసరికి రెండు కోట్లు అయ్యాయి. శనివారం తెల్లవారగానే మళ్లీ వెళ్లి, షట్టరు ముందు ఆయన కోసం నిలబడ్డాం. నేను పోగులు అందిస్తున్నాను, ఆమె నేస్తోంది. పెద్దాయన గోడ మీది గడియారాల్ని ఒక్కొక్కటిగా దించి పెట్టెలో సర్దుతున్నాడు. ఆ టిక్కుటిక్కులు వినపడకుండా పోయేసరికి సూది బట్టలో దూరే చప్పుడు కూడా వినిపించింది. మధ్యాహ్నం దాటింది. అయిదు కోట్లు సిద్ధమయ్యాయి. ఇంకా నాలుగు.

"పద" అంది అక్క. "ఇక బాబాయి ఆగడు."

నిజంగానే బాబాయి గుమ్మంలో నిప్పుల మీద నిలబడ్డట్టున్నాడు. "నిన్నంతా ఎక్కడ చచ్చావ్? హోటలు మనిషి ఇప్పుడే ఫోను చేశాడు. ఏవీ కోట్లు?"

అక్క అయిదు కోట్లు బల్ల మీద పెట్టింది. మూటలో ఉన్న నాలుగింటి మీద చెయ్యి అలాగే ఉంచింది. జరిగింది చెప్పింది. బాబాయి మూటలోంచి ఒకటి లాక్కుని గుమ్మం దగ్గర చూశాడు, తర్వాత లోపలికి తీసుకెళ్లి ఇస్త్రీ బల్ల మీది దీపం కింద చూశాడు. తిరిగొచ్చేసరికి మొహంలో కోపం పోయి నవ్వు వచ్చింది.

"పిచ్చి అమ్మాయ్! ఆ హోటల్లో ఎప్పుడైనా అడుగుపెట్టావా? లోపల పగలే దీపాలు. అన్నీ పచ్చవే. అక్కడ నువ్వు ఎర్రదారంతో కుట్టినా ఎవడికీ తెలీదు. ఇచ్చెయ్ తొమ్మిదీ. డబ్బు తీసుకుపో."

డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు కూడా. మొత్తం. అక్క దాన్ని చూసింది. నేనూ చూశాను. తీసుకో, తీసుకో అని నా మనసు కేకలు పెట్టింది. ఆమె చెయ్యి మూట మీదినుంచి లేచింది. ఒక కోటు బయటికి తీసింది కూడా. భుజం మీది నల్లమచ్చని బొటనవేలితో రుద్దింది, పోతుందేమోనన్నట్టు.

"వాళ్లు పనికి వచ్చేటప్పుడు కోట్లు ఎక్కడ వేసుకుంటారు బాబాయ్?"

"కొందరు అక్కడే, కొందరు ఇంటినుంచే. ఏం?"

"ఇంటినుంచి వేసుకొచ్చేవాడు బస్టాపులో ఎండలో నిలబడాలిగా. అందరూ వాణ్ణి చూస్తారు. వాడు నన్నెప్పుడూ చూడడనుకో, అయినా ఆ మచ్చలు నావే." కోటు మళ్లీ మూటలో పెట్టేసింది. "ఈ నాలుగూ సోమవారం ఇస్తాను. అయిదింటికి డబ్బివ్వు."

"తొమ్మిదని మాటిచ్చాను! నా మాట పోతే?"

"ఈ మచ్చలతో వెళ్తే నా పని పోతుంది."

బాబాయి ఒంటికాలి మీద లేచాడు. పని నేర్పించింది ఎవరని అడిగాడు, నేర్పింది ఆయన కాదు కాబట్టి అక్క ఊరుకుంది. చివరికి బల్ల మీది డబ్బులోంచి సగం పైచిలుకు అక్క వైపు తోసి, మిగతాది తీసి సొరుగులో వేశాడు. "సోమవారం రాకపోయావో, ఇంకెప్పుడూ రాకు."

తిరిగి వచ్చేటప్పుడు, "ఆ నాలుగూ ఇచ్చేసి ఉంటే..." అన్నాను.

"నోరు మూసుకుని నడు" అంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. లేదు. పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంటోంది. మళ్లీ మొదట్నుంచి వేసుకుంటోంది. నడక వేగం పెరిగింది, కొట్టు చేరేసరికి దాదాపు పరుగే.

ఫోను కవర్ల అతను షట్టరు కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పెద్దాయన చేతిలో షట్టరు లాగే కొక్కెం. లోపల గోడలు బోసిగా ఉన్నాయి.

"తెచ్చావా అమ్మా?"

అక్క డబ్బు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఎంచి, కళ్లద్దాల మీదినుంచి చూశాడు. "ఇది చాలదే."

"మేడమ్, సారీ" అని కవర్ల అతను లేచి జేబులో చెయ్యి పెట్టాడు. మరీ సంతోషపడ్డట్టు కనిపించకూడదని కాస్త ప్రయత్నం చేశాడు గానీ కుదరలేదు.

"నువ్వు కూర్చో" అంది అక్క అతనితో. అంత గట్టిగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అతను కూర్చున్నాడు. "నీకు కావలసింది గోడ. అవునా?"

"అవును."

"షట్టరు వైపు."

"జనం నడిచేది అటే కదా."

"ఈ కిటికీకి చెక్క కొట్టించాలంటే ఎంత అడిగాడు వడ్రంగి?"

అతను చెప్పాడు. ఆ అంకె చెబుతూ మళ్లీ మొహం చిట్లించాడు.

"అది మిగుల్చుకో. షట్టరు వైపు సగం నీకు. కిటికీ వైపు సగం నాకు. మధ్యలో ఒక తెర వేస్తాను, నీ కవర్లకి ఎండ తగలదు. తెర నేనే కుడతాను. అద్దె సగం, ఇప్పుడు కట్టాల్సిన మిగతా డబ్బులో సగం."

అతను పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కొక్కెం వైపు చూశాడు.

"సగం కొట్టులో నేనెక్కడ కూర్చుంటాను?" అన్నాడు అతను.

"గొడుగు కింద ఎక్కడ కూర్చున్నావ్?"

అతను తల గోక్కున్నాడు. లేచి గోడని మళ్లీ టేపుతో కొలిచాడు. "నేను పాటలు పెడతాను మరి. పాటలుంటేనే జనం ఆగుతారు."

"పెట్టుకో. కిటికీ మాత్రం ముయ్యకు."

"నీ దగ్గరికొచ్చేవాళ్లు నా కవర్ల ముందునుంచే లోపలికి పోవాలి కదా?" ఈ ఆలోచన అతనికి నచ్చినట్టుంది. మొహం విప్పారింది. "అయితే సరే అక్కా."

మేడమ్ నుంచి అక్క అయ్యేసరికి బేరం కుదిరిందని నాకు అర్థమైంది.

పెద్దాయన ఇద్దరి డబ్బూ కలిపి రెండుసార్లు ఎంచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. "నాకు ఒకరైతేనేం, ఇద్దరైతేనేం. మీలో మీకు గొడవొస్తే మాత్రం నాకు ఫోను చెయ్యకండి."

"నా ఫోనులోంచి కాల్ పోదు లెండి. వచ్చేవి మాత్రమే" అంది అక్క.

ఆమె వాటా పోగా చేతిలో ఒక ట్యూబులైటుకి సరిపడా మిగిలింది. దారిలో అది కొన్నాం. మెట్ల దగ్గర బల్బు తిరిగి పెట్టేశాక ఇంటావిడ కిందనుంచి, "అమ్మయ్య, ఆస్పత్రి తప్పింది!" అని అరిచింది. ఆ రాత్రి నేను నా కంచంలోది సగం తోస్తే అక్క వెనక్కి తొయ్యలేదు.

ఆదివారం పొద్దున్న కొట్టుకి వెళ్లాం. తెర ఇంకా కుట్టలేదు, కిటికీ వైపు సగానికి మా పాత దుప్పటే అక్క అడ్డం కట్టింది. అవతల కవర్ల అతను మేకులు కొడుతూ, పాట మధ్యలో ఆపి ఆపి పెడుతున్నాడు. అక్క స్టూలు మీద కూర్చుని, మిగిలిన నాలుగు కోట్లలో మొదటిదాన్ని పూర్తిచేసి, పళ్లతో పోగు తెంపి, నా ఒళ్లో పడేసింది.

"ఎక్కడుందో చెప్పు."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ఎండ నిండుగా ఉంది. భుజం చూశాను, కాలరు చూశాను, చేతిమడత చూశాను. నిన్నటిదాకా నల్లమచ్చ ఉన్న చోటు నాకు బాగా గుర్తుంది. సరిగ్గా అక్కడే వేలు పెట్టాను.

"తప్పు" అంది అక్క రెండో కోటు ఒళ్లోకి లాక్కుంటూ. "అది ఇంకో అంగుళం కింద."